పైన కూర్చున్నవాడి పని

చిన్నూకి, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరిద్దరూ పోట్లాడుకుంటూ అడిగిన ప్రశ్న నా బుర్రలోంచి పోవడం లేదు. టీవీలో షో జంపింగ్ చూశారు. గుర్రం కంచె మీద కంచె దూకుతూ పోయింది. తీరా చూస్తే మెడల్ మనిషి మెడలో పడింది. "దూకింది గుర్రమైతే ఆయనకెందుకు ఇచ్చారు తాతయ్యా?" అన్నాడు చిన్నూ. "ఆయన పైన ఊరికే కూర్చున్నాడు కదా" అంది బుజ్జి.

పైన ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు తల్లీ. చెబుతాను విను.

నా చిన్నప్పుడు ఇంటికీ బడికీ మధ్య ఒక వాగు ఉండేది. వానలు పడితే నీళ్ళు అన్నయ్యకు నడుము దాకా, నాకు గొంతు దాకా వచ్చేవి. అందుకని అన్నయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని దాటించేవాడు. ఇద్దరి పుస్తకాల సంచులూ నా నెత్తి మీద. నా బరువుకు తల వంచుకుని నడిచేవాడు కాబట్టి వాడికి ముందేముందో కనపడేది కాదు. నేనే చెప్పాలి. "ఎడమ పక్క రాయి ఉంది. ఇంకో రెండడుగులు వేశాక లోతు." చెప్పడం కొంచెం ఆలస్యమైతే వాడి కాలు జారేది. నేను అటూ ఇటూ కదిలితే వాడి మోకాళ్ళు వణికేవి. భయమేసి జుట్టు పట్టుకు లాగితే నొప్పికి తల వెనక్కి విరిచేవాడు, ఇద్దరం తూలేవాళ్ళం. మోసేది వాడే. కానీ ఒడ్డు చేరడంలో నా పనీ ఉంది.

గుర్రం మీద రౌతు పని కూడా ఇదే. గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. అందుకే దానికి దాదాపు చుట్టూ అంతా కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ముందున్న కొంచెం చోటు మాత్రం కనపడదు. అంటే కంచె దగ్గరికి వచ్చేసరికి, నాలుగడుగుల వెనక చూసిందాన్ని నమ్ముకుని అది గాల్లోకి లేస్తుంది. ఆ కంచెలు ఏ వరసలో వస్తాయో కూడా దానికి ముందే తెలియదు. పోటీకి ముందు మైదానంలోకి గుర్రాన్ని తీసుకుపోరు. రౌతు ఒక్కడే బూట్లతో నడుచుకుంటూ వెళ్ళి కంచెకీ కంచెకీ మధ్య అడుగులు లెక్కపెట్టుకుంటాడు. మూడడుగుల చొప్పున అంగలు వేస్తే, మనిషి నాలుగు అంగలు గుర్రం ఒక అంగతో దాదాపు సమానం. రెండు కంచెల మధ్య ఇరవై నాలుగు అంగలు వచ్చాయనుకో. దిగడానికి రెండు, మళ్ళీ లేవడానికి రెండు తీసెయ్యాలి. మిగిలిన ఇరవైని నాలుగుతో భాగిస్తే ఐదు. తన గుర్రం అంగ పెద్దదైతే కొంచెం పట్టి ఉంచాలి, చిన్నదైతే కొంచెం ముందుకు తోలాలి. పది పన్నెండు కంచెలకి ఈ లెక్కంతా మనసులో పెట్టుకుని, ఐదారు వందల కిలోల జీవి మీద పరుగులో ఉండగా, సమయానికి చెప్పాలి. నోటితో కాదు. పిక్కతో, నడుముతో, పగ్గం మీద చిటికెన వేలితో. చిన్నూ, ఎక్కాలు నేర్చుకోమని మీ అమ్మ ఎందుకంటుందో ఇప్పుడు తెలిసిందా?

అడ్డకర్రలు గట్టిగా బిగించి ఉండవు. లోతులేని గిన్నెల్లాంటి వాటిలో ఊరికే ఆనించి ఉంటాయి. డెక్క కాస్త తగిలినా దొర్లిపడతాయి. ఒకటి పడితే నాలుగు తప్పు పాయింట్లు. గుర్రం దూకనని ఆగిపోయినా నాలుగే. పెద్ద పోటీల్లో రెండోసారి ఆగితే ఇంటికే.

ఆగిపోవడం అన్నాను కదా, అన్నయ్య దగ్గరికి మళ్ళీ రావాలి. ఒకరోజు నాకు దుర్బుద్ధి పుట్టింది. ముందు గుంట ఉందని తెలిసి కూడా "లోతేం లేదు, నడువు" అన్నాను. ఇద్దరం మునిగాం. పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. అన్నయ్య నన్ను కొట్టలేదు. కానీ తర్వాత చాలా రోజులు నేను "రా, పరవాలేదు" అన్నా ఆగిపోయేవాడు. తనే కాలితో తడిమి చూసుకుని గానీ కదిలేవాడు కాదు. ఆ నమ్మకం తిరిగి రావడానికి ఒక వానాకాలం పట్టింది. గుర్రం కూడా అంతే. దూకలేని చోటుకి తప్పు లెక్కతో తోలితే ఒకటి రెండుసార్లు వింటుంది. తర్వాత ఆగిపోతుంది. మన పెద్దవాళ్ళు "రౌతు కొద్దీ గుర్రం" అన్నది ఇందుకే.

ఆ నమ్మకాన్ని సంపాదించుకోవడమే షో జంపింగ్ రౌతు బతుకంతా. టీవీలో కనిపించేది నిమిషంన్నర. మిగతాదంతా లాయంలో ఉంది. తెల్లవారకముందే లేవాలి. గడ్డి, దాణా, నీళ్ళు చూడాలి, పేడ ఎత్తించాలి. ఒక్కో గుర్రం కాళ్ళూ చేత్తో తడిమి ఎక్కడైనా వేడిగా ఉందా, వాచిందా చూడాలి. నెలా నెలన్నరకోసారి నాడాలు మార్పించాలి. రోజుకి ఏడెనిమిది గుర్రాలెక్కే వాళ్ళున్నారు. అందులో దూకించేది తక్కువ, నడిపించి ఒళ్ళు వంచడం నేర్పేది ఎక్కువ. గుర్రాన్ని చూసుకునే గ్రూములు రౌతు కంటే ఎక్కువసేపు దానితో ఉంటారు. వాళ్ళ పేర్లు ఎవరూ చదవరు. నాకది బాధగానే ఉంటుంది.

ఇంకో బాధ ఉంది. పెద్ద గుర్రాలు చాలావరకు రౌతు సొంతం కావు. యజమానులు వేరే ఉంటారు. చిన్న పిల్లగా ఉన్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి తీర్చిదిద్దిన గుర్రాన్ని మంచి ధర వచ్చిందని వాళ్ళు అమ్మేస్తే, రౌతు మర్నాడు పొద్దున ఇంకో కుర్ర గుర్రంతో మొదటి నుంచి మొదలుపెట్టాలి. కొందరు తామే తీర్చిదిద్ది అమ్ముకుని లాయం ఖర్చులు గట్టెక్కుతారు. బహుమతి డబ్బుతోనే బతికేవాళ్ళు తక్కువ.

బుజ్జీ, నీకో మాట. ఈ ఆటలో ఆడవాళ్ళకి వేరే పోటీ లేదు. అందరూ కలిసే దూకుతారు. ఒలింపిక్స్‌లో మాత్రం 1956 దాకా ఆడవాళ్ళని ఈ పోటీకి రానివ్వలేదు. ఆ ఏడాది ఇంగ్లండుకి చెందిన పాట్ స్మైత్ వెళ్ళి జట్టుతో కాంస్యం తెచ్చింది.

ఆ పోటీల్లోనే ఇంకొకటి జరిగింది. జర్మనీ రౌతు హాన్స్ గుంటర్ వింక్లర్‌కి మొదటి రౌండులో గజ్జల దగ్గర కండరం చిట్లింది. రెండో రౌండుకి జీను మీద నిలబడటమే కష్టం. నొప్పికి ఒళ్ళు సహకరించదు, చెప్పాల్సింది చెప్పలేడు. ఆయన ఆడగుర్రం పేరు హల్లా. అది ఆయన్ని మోసుకుంటూ ఒక్క కర్ర కూడా పడకుండా మైదానమంతా దూకి వచ్చింది. ఎలా దూకిందో నేను మీకు చెప్పలేను పిల్లలూ. పైనున్నవాడి నోరు మూసుకుపోయిన రోజున కింద ఉన్నది ఇద్దరి పనీ చేసింది, అంతే.

ఇంగ్లండు రౌతు నిక్ స్కెల్టన్ సంగతి కూడా తెలుసుకోండి. ఇరవై ఏళ్ళ వయసులో, 1978లో, ఒకే కంచెని పెంచుకుంటూ పోయే పోటీలో 2 మీటర్ల 32 సెంటీమీటర్లు దూకించాడు. 2000లో కిందపడి మెడ ఎముక విరిగింది. మరుసటేడు ఆట వదిలేశాడు. మెడ కుదురుకున్నాక మళ్ళీ ఎక్కాడు. బిగ్ స్టార్ అనే గుర్రంతో 2012లో లండన్‌లో జట్టు స్వర్ణం వచ్చింది. తర్వాత బిగ్ స్టార్‌కి దెబ్బ తగిలితే, ఇంకో గుర్రాన్ని వెతుక్కోకుండా దాని కోసం ఓపిక పట్టాడు. 2016లో రియోలో తుది పోరుకి ఆరుగురు మిగిలారు. అందరికంటే ముందు ఈయనే దిగాలి. ఒక్క కర్ర పడలేదు. మిగతా ఐదుగురిలో ఎవరూ కర్ర పడకుండా అంతకంటే తక్కువ సమయంలో పూర్తి చెయ్యలేకపోయారు. అప్పటికి ఆయనకి 58 ఏళ్ళు. పోడియం మీద ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మరుసటేడు ఆయనా బిగ్ స్టారూ ఒకేరోజు ఆట నుంచి సెలవు తీసుకున్నారు.

చిన్నూ, నీ ప్రశ్న న్యాయమైనదే. గెలిచిన గుర్రానికి కళ్ళెం పక్కన ఒక రిబ్బను పువ్వు కడతారు. దానికి అది చాలునో లేదో మనకి తెలియదు.

ఇప్పుడొక పని చెయ్యండి. చాక్‌పీస్ తీసుకుని గోడ మీద నేల నుంచి 160 సెంటీమీటర్ల ఎత్తులో గీత గీయండి. ఒలింపిక్స్ కంచె దాదాపు అంత ఎత్తు దాకా ఉంటుంది. గుర్రం వీపు ఎత్తు కూడా ఇంచుమించు అంతే. ఆ గీతకి రెండడుగుల దూరంలో నిలబడి కాసేపు చూడండి.

తర్వాత మళ్ళీ పోటీ వచ్చినప్పుడు గుర్రం కాళ్ళు చూడకండి, రౌతు చేతులు చూడండి. గుర్రం లేచే క్షణంలో పగ్గాలు దానికి వదులుతూ ముందుకి సాగుతాయి. చివరి కంచె దాటాక, బోర్డు మీద తన సమయం చూసుకోకముందే, ఆ చెయ్యి ఎక్కడికి పోతుందో చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య