బొగ్గు గని పక్కన నీళ్ళు, నేల: కొన్ని అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో బొగ్గు లేదు. అయినా సింగరేణి గనుల చుట్టూ నీటి నమూనాలు తీసి, నేల లెవెల్స్ చూసి వచ్చినవాణ్ణని తెలిశాక నాకు ఫోన్లు ఆగడం లేదు. మన పలమనేరు, పుంగనూరు వైపు నుంచి మందమర్రికో భూపాలపల్లికో పిల్లనిచ్చినవాళ్ళే ఎక్కువ. "అన్నా, అల్లుడోళ్ళ ఇంటి గోడ పగిలింది. బావిలో నీళ్ళు అడుగంటినాయి. గని మీద కేసేస్తే డబ్బులొస్తాయా?" అంటారు. "గని అటువైపు రాకముందు ఆ బావిలో నీళ్ళు ఎంత లోతులో ఉండేవి? ఎవరైనా రాసిపెట్టారా?" అంటాను. అక్కడితో మాట ఆగిపోతుంది.

అపోహ: నష్టం కనబడ్డాక టెస్టులు చేయిస్తే చాలు.

జనాన్ని నిండా ముంచుతున్నది ఇదొక్కటే. గని వాళ్ళ దగ్గర లెక్క ఉంటుంది. పర్యావరణ అనుమతి షరతుల ప్రకారం చుట్టుపక్కల బావుల్లో, పీజోమీటర్లలో (నీటిమట్టం చూడటానికే వేసిన సన్నటి బోర్లు) ఏడాదికి నాలుగుసార్లు నీటిమట్టం, నాణ్యత చూడాలి. గని కప్పును మోయడానికి వదిలిన బొగ్గు స్తంభాలు, అంటే పిల్లర్లు తీయకముందే, ప్యానెల్ (నేల కింద ఒక విడతగా తవ్వే భాగం) మీద స్టేషన్లు, అంటే కొలత గుర్తులు పాతి నేల మొదటి లెవెల్ తీసుకుంటారు. ఇంటాయన దగ్గర మాత్రం ఏమీ ఉండదు. ఈరోజు సల్ఫేటు లీటరుకు 350 మిల్లీగ్రాములని రిపోర్టు వచ్చిందనుకోండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాటకూడదు, వేరే దారి లేకపోతే 400 దాకా ఒప్పుకుంటారు. కానీ ఆ 350 గని వల్ల పెరిగిందా, తాతల కాలం నుంచీ అంతేనా? ఒక్క కాగితంతో ఎవరూ తేల్చలేరు. నాలాంటివాడు ఎంత సానుభూతి చూపినా సంతకం పెట్టలేడు.

ఒక ఊళ్ళో ఓ పెద్దాయన ప్రతి అమావాస్యకీ బావిలోకి తాడు వదిలి, ఎన్ని మూరలకు నీళ్ళు తగిలాయో పంపుషెడ్డు గోడ మీద బొగ్గుతో రాసేవాడు. ఎందుకు రాస్తున్నావంటే "మా నాయన రాసేవాడు" అనేవాడు. దసరాకల్లా పైకి రావాల్సిన నీళ్ళు ప్యానెల్ దగ్గరపడిన ఏడాది నుంచి రావడం మానేశాయని ఆ గోడే చెప్పింది. పీజోమీటరు లెక్కతో పోల్చి చూస్తే సరిపోయింది. మీటింగులో ఎవరూ కాదనలేకపోయారు. పక్క ఊళ్ళో అంతకన్నా ఎక్కువ నష్టపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు గోడ లేదు.

కాబట్టి ఎండాకాలం చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి కొలవండి. పొద్దున్నే మోటారు వేయకముందు, ఒరలో ఒకే చోటు నుంచి టేపు వదలండి. ల్యాబుకిచ్చే నీళ్ళను కూల్ డ్రింకు సీసాలో తేకండి, దండం పెడతాను. మోటారు కాసేపు నడిచాక, ల్యాబు వాళ్ళిచ్చిన సీసాలోనే పట్టాలి. ఇనుముకు వేరే సీసా ఇస్తారు, అందులో ఆసిడ్ ఉంటుంది, దాన్ని కడిగేయకండి. గోడ పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. నెల తర్వాత పగులు గీత దాటిందో లేదో చూడండి. రేగడి నేల అయితే ఎండాకాలంలో విచ్చుకుని వానల్లో మూసుకునే పగుళ్ళు గని లేకపోయినా వస్తాయి. ఈ తేడా పట్టించేది కూడా ఆ తేదీలే.

అపోహ: మా ఇల్లు ప్యానెల్ మీద లేదు, మాకేం భయం?

కుంగుడు ప్యానెల్ గీత దగ్గర ఆగదు, పళ్ళెం అంచులాగా బయటికి పరుచుకుంటుంది. నడిమధ్య ఎక్కువ దిగుతుంది గానీ అక్కడ నేల దాదాపు సమంగా దిగుతుంది. గోడల్ని లాగి చీల్చేది అంచుల దగ్గరే. పబ్లిక్ రోడ్డుకు గానీ, గని యజమానివి కాని ఇళ్ళకు గానీ 45 మీటర్ల లోపు తవ్వాలన్నా, పిల్లర్లు తీయాలన్నా గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ రాతపూర్వక అనుమతి ఉండాలనే నిబంధన ఊరికే పెట్టలేదు. తవ్విన ఖాళీని ఇసుకతో నింపితే కుంగుడు తగ్గుతుంది, గని కప్పును అలాగే కూలనిస్తే ఎక్కువ. మీ ఊరి కింద ఏ పద్ధతి అన్నది అడిగి తెలుసుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"నీళ్ళు తేటగానే ఉండాయి కదన్నా!" కరిగిన ఇనుము బావిలోంచి తోడినప్పుడు తేటగానే ఉంటుంది, గాలి తగిలాక ఎర్రబడుతుంది. సల్ఫేటు, ఫ్లోరైడు ఎప్పటికీ కంటికి కనబడవు. చేతిలో పెట్టుకునే టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగినవన్నీ కలిపి ఎంతో చూపుతుంది గానీ వాటి పేర్లు చెప్పదు.

గని నీళ్ళన్నీ ఆసిడ్ అన్నది మేఘాలయ, అస్సాం బొగ్గు చూసి అన్నమాట. అక్కడ గంధకం ఎక్కువ. సింగరేణి బొగ్గులో తక్కువ. ఇక్కడ ముందు చూడాల్సింది కాఠిన్యం, లవణాలు.

గని మూసేస్తే నేల కదలదంటారు. పైపైనే తవ్వి వదిలేసిన పాత పనుల మీద దశాబ్దాల తర్వాత కూడా గుంతలు పడతాయి.

వాట్సాప్‌లో తిరిగే మంటల వీడియోల్లో చాలావరకు జార్ఖండ్‌లోని ఝరియావి. అక్కడ 1916 నుంచి భూగర్భంలో బొగ్గు కాలుతోంది. మీ అల్లుడి ఊరికి దాంతో సంబంధం లేదు, టెన్షన్ పడకండి.

2021 నవంబరు వానలప్పుడు మన తిరుపతి శ్రీకృష్ణ నగర్‌లో సిమెంటు రింగుల సంపు నేలలోంచి పైకి లేచినప్పుడూ ఇలాంటి పుకార్లే. నేలంతా నీళ్ళు ఊరి ఉంటే, కడగడానికి ఖాళీ చేసిన సంపు తేలుతుంది. అంతకుమించి అందులో మాయ లేదు.

కుప్పం వాళ్ళు చిగురుగుంట గురించి అడుగుతుంటారు. అది బంగారు గని. గట్టి రాతిలో సన్నటి పొరల వెంట తవ్వింది కాబట్టి బొగ్గు ప్యానెల్ లెక్కలు అక్కడ పనికిరావు. మళ్ళీ తెరుస్తారన్న మాట అప్పుడప్పుడూ వస్తుంటుంది కదా, ఇప్పుడే మీ బోరు నీళ్ళు టెస్ట్ చేయించి కాగితం దాచుకోండి. అందులో ఫ్లోరైడు తప్పకుండా రాయించండి. అది గని లేకపోయినా మన రాళ్ళలోంచే వస్తుంది, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. ఇప్పుడు రాయించకపోతే రేపు దాన్నీ గని ఖాతాలోనే వేస్తారు, కేసు అక్కడే వీగిపోతుంది.