యుద్ధం జరిగిన నేలను చూడబోయే పిల్లలకు

చిరంజీవులకు,

ఆశీస్సులు. ఈ ఏడాది సెలవుల్లో యుద్ధాలు జరిగిన చోట్లూ కోటలూ చూడాలని ఉందనీ, ఏ వరుసలో వెళ్తే బాగుంటుందో చెప్పమనీ మీరు అడగడం నాకెంతో సంతోషం కలిగించింది. ముందుగా ఒక మాట. ఈ ప్రయాణాలను చరిత్ర వరుసలో, అంటే పన్నెండో శతాబ్దంతో మొదలుపెట్టి ఇరవయ్యో శతాబ్దం దాకా వేసుకోవద్దు. అలా వేసుకుంటే నడివేసవిలో వరంగల్లు రాతిగోడ ఎక్కాల్సి వస్తుంది, జోరు వానల్లో మన్యం ఘాటు రోడ్డు పట్టాల్సి వస్తుంది. ప్రయాణాలు ఋతువులను బట్టి వేసుకోండి. చరిత్ర వరుస కోసం ఒక పొడవాటి కాగితం మీద గీత గీసి, 1150 నుంచి 2000 దాకా ఏళ్లు గుర్తు పెట్టుకుని, చూసి వచ్చిన ప్రతి చోటునూ దాని ఏడు దగ్గర రాసుకోండి.

ఎక్కడికి వెళ్లినా మూడు ప్రశ్నలు వెంట తీసుకెళ్లండి. లోపల ఉన్నవాళ్లకు నీళ్లు ఎక్కడివి? మీదికి వచ్చినవాళ్లు ఏ దారిన వచ్చారు? ఇక్కడ జరిగింది మనకు ఎవరు చెప్పారు? ఈ మూడోదాన్ని చాలామంది అడగరు. నా మటుకు నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది అదే.

సెప్టెంబరులో గోల్కొండతో మొదలుపెట్టండి. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఈ కోటలోకి అడుగుపెట్టింది 1687 సెప్టెంబరులోనే. అన్నాళ్లూ ఫిరంగులకు లొంగని కోట, లోపలివాడొకడు లంచానికి ఆశపడి తలుపు తీయడంతో పడిపోయింది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి పైన కొండ మీది బాలాహిస్సారు అనే లోకోటలో వినిపించిందా అని చూడటం అందరూ చేసేదే, మీరూ చేయండి. ఆ తర్వాత మాత్రం కోట తలుపులకున్న ఇనుప ముళ్లనూ, బాలాహిస్సారు ద్వారానికి ఎదురుగా అడ్డంగా కట్టిన గోడనూ నింపాదిగా చూడండి. ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి తలుపును ఢీకొట్టకుండా చేసిన ఏర్పాటు అది.

దసరా సెలవులు వరంగల్లుకు కేటాయించండి. చాలామంది నాలుగు కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. మీరు ముందు మట్టికోట దగ్గర ఆగండి. ఇప్పుడది చెట్లు మొలిచిన గట్టులా కనిపిస్తుంది, పక్కనే అగడ్త ఉంటుంది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ సైన్యం ముట్టడించిన గోడ ఇదే. ఉక్కు ఈటె కూడా దిగనంత గట్టిగా ఉందనీ, యంత్రాలతో విసిరిన గుండ్లు దానికి తగిలి ఎగిరి వెనక్కి పడేవనీ రాసినవాడు మనవాడు కాదు, ఢిల్లీ సుల్తాను కొలువులోని అమీర్ ఖుస్రో. దాడి చేసినవారి వైపు మనిషే మన గోడ గట్టిదనం ఒప్పుకున్నాడంటే ఆ మాటకు విలువ ఎక్కువ. మట్టికోట దాటాక రాతికోట వస్తుంది. ద్వారంలోకి వెళ్లేటప్పుడు దారి నేరుగా ఉండదు, మలుపులు తిరుగుతుంది. గుంపుగా చొరబడిన సైనికుల వేగం ఆ మలుపుల దగ్గర తగ్గిపోతుంది, పైనున్నవాళ్లకు గురి కుదురుతుంది. లోపలి నుంచి చూస్తే గోడ పొడవునా మెట్ల వరుసలు కనిపిస్తాయి. ఎక్కడ ప్రమాదం వస్తే అక్కడే సైనికులు పైకెక్కేలా కట్టించిన మెట్లవి. ఇంత చేసినా 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ రెండోసారి వచ్చినప్పుడు నెలల తరబడి ముట్టడించి కోటను గెలిచాడు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతోంది.

కార్తీకంలో పల్నాటి కారంపూడికి వెళ్లండి. నాగులేటి ఒడ్డున పన్నెండో శతాబ్దంలో జరిగిన అన్నదమ్ముల పోరుకు కోట లేదు, గోడ లేదు. ఉన్నదల్లా వీరుల గుడి, వీరుల ఆయుధాలుగా తరతరాలుగా పూజలందుకుంటున్న కొణతాలు, ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు జరిగే ఉత్సవం. మందపోరు రోజు తప్పకుండా ఉండండి. అన్ని కులాలవాళ్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడును ఆ రోజు తలుచుకుంటారు. ఇక్కడ మన మూడో ప్రశ్నకు జవాబు చెప్పేది శాసనం కాదు, కథ పాడేవారి గొంతు. ఆ కథను శ్రద్ధగా వినండి, మీ పుస్తకంలో మాత్రం కథగా విన్నదాన్నీ శాసనంలో ఉన్నదాన్నీ వేర్వేరు పేజీల్లో రాసుకోండి.

డిసెంబరు మొదటి వారంలో విశాఖపట్నం. సముద్రపుటొడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా నిలిచింది. పొడవు 91 మీటర్లని విని లోపల బోలెడంత చోటు ఉంటుందనుకుంటారు. ఒక గదిలోంచి మరో గదిలోకి గుండ్రటి కంతలోంచి వంగి, ముందు కాలు, తర్వాత తల పెట్టి దూరాలి. టార్పెడోలున్న గదిలోనే పడకలు కూడా ఉన్నాయి. ఒక్క నిమిషం అక్కడ మాట్లాడకుండా నిలబడి, ఈ ఇరుకులో వారాల తరబడి ఎండ మొహం చూడకుండా బతకడం ఎలా ఉంటుందో ఊహించండి.

అక్కడి నుంచి తీరం వెంబడే నడిస్తే 1971 విజయ స్మారకం వస్తుంది. ఆ ఏడు డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముందరే మునిగిపోయింది. మన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన పేలుడు గుండ్ల వల్లే మునిగిందని మన నౌకాదళం చెబుతుంది, ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడని పాకిస్తాన్ చెబుతుంది. రెండు మాటలూ రాసుకోండి. అందులోనివారు ఒక్కరూ బతకలేదనీ, ఆ ఓడ ఇప్పటికీ సముద్రం అడుగునే ఉందనీ కూడా రాసుకోండి. శత్రువు మరణాన్ని లెక్కలో రాయని పుస్తకం సగం పుస్తకమే.

సంక్రాంతి దాటాక, జనవరి 24 నాటికి బొబ్బిలి చేరుకోగలిగితే మంచిది. 1757లో ఆ రోజే ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు బలగాలు కలిసి రంగారావు మట్టికోటను ముట్టడించాయి. కోట నిలవదని తెలిసినప్పుడు లోపలివారు తమ ఆడవారినీ పిల్లలనూ తామే చంపుకున్నారు. ఇది వీరగాథగా వినేటప్పుడు ఒళ్లు పులకరించవచ్చు గాని, ఆ పిల్లలు మీ వయసువాళ్లని మరిచిపోవద్దు. తర్వాత కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి ఆయనను చంపాడు. ఆ కోట ఇప్పుడు లేదు, స్మారక స్తంభం ఉంది. సమయం ఉంటే తిరుగు ప్రయాణంలో పద్మనాభం దగ్గర దిగండి. 1794 జూలై 10న, తర్వాతి కాలపు విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి అక్కడే నేలకొరిగాడు.

ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో, రాయచూరు. ఇది కర్ణాటకలో ఉన్నా మీరు చదవాల్సిన శాసనం తెలుగులో ఉంది. పడమటి గోడలో 41 అడుగుల పైచిలుకు పొడవున్న ఒకే రాయి కనిపిస్తుంది. కాకతీయుల సామంతుడు గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు 1294లో ఈ కోట కట్టిన సంగతి దాని మీద చెక్కి ఉంది. అంతకన్నా ముచ్చటైనది పక్కనే గీసిన బొమ్మ. ఆ రాయినే బండి మీదికెక్కించి, బారులు తీరిన దున్నపోతులతో లాగిస్తుంటే వెనుక నుంచి మనుషులు మీటుతూ ఉంటారు. రాజుల విజయాలు చెప్పే శాసనాలు ఎన్నో ఉన్నాయి, రాయి మోసిన పశువునూ కూలివాడినీ చూపించినవి అరుదు. ఇదే కోటను 1520లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించినప్పుడు, గోడలోంచి రాళ్లు పెళ్లగించి తెచ్చినవారికి రాయి పరిమాణాన్ని బట్టి డబ్బిచ్చారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఆ రెండు సంగతులూ ఒకే గోడ ముందు నిలబడి చదువుకోవడం కోసమైనా రాయచూరు వెళ్లాలి.

వేసవిలో చివరిగా మన్యం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడి తుపాకులు పట్టుకుపోయింది. 1924 మే 7న కొయ్యూరులో ఆయనను కాల్చి చంపారు, సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఇక్కడ కోటగోడ పని చేసింది కొండా అడవీ మాత్రమే. ఘాటు రోడ్డులో వాహనం దిగి కొంత దూరం నడిస్తేనే, వందలమంది పోలీసులున్నా ప్రభుత్వానికి రెండేళ్లు ఎందుకు పట్టిందో అర్థమవుతుంది. పోడు మీద, అంటే కొండవాలులో అడవి నరికి కాల్చి చేసే సాగు మీద, ఆంక్షలు పెట్టడం, రోడ్డు పనికి సరైన కూలి ఇవ్వకపోవడం ఈ తిరుగుబాటుకు కారణాలు కనుక, ఊళ్లోని పెద్దలను పోడు గురించి కూడా అడగండి. అడవిలోకి మాత్రం ఆ ఊరివాళ్లు తోడు లేకుండా వెళ్లవద్దు.

ప్రతి ప్రయాణానికీ ఒక పెద్దవారు వెంట ఉండాలి, నీళ్ల సీసా, టోపీ, ఒక కొలత టేపు, పెన్సిలు ఉండాలి. శాసనాల మీద సుద్దతో గాని రంగుతో గాని గీయకండి, రాతి ముక్క ఒక్కటైనా ఇంటికి తేవద్దు. గోల్కొండ నుంచి రాగానే మూడు ప్రశ్నలకు మీ జవాబులు రాసి పంపండి. వరంగల్లుకు ఏ తేదీన వెళ్లేదీ అందులోనే రాస్తే, అక్కడ ముందు ఏ ద్వారం దగ్గర దిగాలో గీసిన పటం పంపిస్తాను.

మీ
తాతయ్య