కొండ మీద కొంగుముడి

బుజ్జమ్మకీ చంటిగాడికీ తాత ఆశీస్సులు.

మొన్న అమెరికాలో రోడ్డు పక్కన ఒక ఊరి పాత సంగతులు రాసిన బోర్డు దగ్గర దిగి నేను పంపిన ఫోటో చూసి బుజ్జమ్మ ఒక మాట అడిగింది. "తాతా, బోర్డు పక్కన నిలబడ్డావు, బాగానే ఉంది. వెనకాల ఏమీ లేదుగా! ఏమీ లేనిచోట బోర్డు ఎందుకు పెట్టారు?" దానికి చంటిగాడు, "లేదక్కా, కొండ మీద మెట్లున్నాయి చూడు" అన్నాడు. ఇద్దరూ సరిగ్గానే చూశారు. ఫోనులోనే చెబుదామనుకున్నాను గానీ, రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో అత్తావాళ్ళింటి నుంచి పొద్దున్నే కారులో బయల్దేరి, సాయంత్రానికి డురాంగో అనే ఊరు చేరాం. మర్నాడు అక్కడ రైలెక్కి సిల్వర్టన్ వెళ్ళాం. వెండి టన్నులకొద్దీ దొరికేదనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఊరు పుట్టింది 1874లో. ఎత్తు 9,318 అడుగులు, అంటే 2,840 మీటర్లు. మన మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్లే. దానికి దాదాపు రెట్టింపు ఎత్తులో జనం ఇళ్ళు కట్టుకుని, బడి పెట్టుకుని, రైలు వేసుకుని బతికారన్నమాట. నాకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. వాళ్ళు ఆ గాలిలోనే రోజంతా రాళ్ళు పగలగొట్టారు.

ఆ రైలు 1882 నుంచీ నడుస్తోంది. 45 మైళ్ళు వెళ్ళడానికి మూడున్నర గంటలు. ఒకవైపు కొండ, మరోవైపు అనిమాస్ నది. పట్టాల మధ్య దూరం మూడడుగులే. పెద్ద లైను వేయాలంటే మలుపులు వెడల్పుగా ఉండాలి, కొండని ఎక్కువ తొలచాలి, డబ్బు ఎక్కువవుతుంది. చిన్న బండి అయితే మేకపిల్లలా ఎక్కడంటే అక్కడ తిరుగుతుంది. 1884 చలికాలంలో మంచు విరిగిపడి ఈ లైను 73 రోజులు మూతపడిందట. 73 రోజులు ఊళ్ళోకి బండి రాలేదు! మన ఇంట్లో ఒక్కపూట కరెంటు పోతేనే ఎంత గొడవ చేస్తామో గుర్తు చేసుకోండి.

ఆ చిన్న బండి ఎక్కగానే నేను అరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. మనకీ అలాంటి బండి ఉండేది. మన శ్రీకాకుళం వైపు నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా ఒడిశాలోని గుణుపురం దాకా వెళ్ళేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1900లో మొదలైంది. దాని పట్టాల మధ్య దూరం ఇంకా తక్కువ, రెండున్నర అడుగులు. ఎంత నెమ్మదిగా వెళ్ళేదంటే, మేం పిల్లలం దానితో పాటు పరిగెత్తి, అలిసిపోయి, నవ్వుకుంటూ ఆగిపోయేవాళ్ళం. మా మామ్మ నన్ను వెంటబెట్టుకుని పర్లాకిమిడి సంతకి ఆ బండిలోనే తీసుకెళ్ళేది. టిక్కెట్టు కొనేటప్పుడు కొంగు చివర ముడిని పంటితో పట్టి విప్పేది. లోపల పదిపైసల బిళ్ళలు, ఒక వక్కముక్క, ఒక్కోసారి చిన్న పసుపుకొమ్ము. ఆ బిళ్ళలు చేతిలో పెడితే వెచ్చగా ఉండేవి, వక్క వాసన వేసేవి.

బుజ్జమ్మా, నీ ప్రశ్నకి జవాబు ఆ ముడిలో ఉంది.

మామ్మ డబ్బులకే కాదు, జ్ఞాపకానికీ ముడేసేది. "మీ నాన్నకి విత్తనాల సంగతి చెప్పాలి" అనుకుంటూ కొంగు చివర ఒక ముడి. ముడిలో ఏమీ ఉండదు, ఉత్త గుడ్డే. అయినా సాయంత్రం దాకా అది చేతికి తగులుతూ ఉంటుంది, ఏదో ఉందని గుర్తు చేస్తూ ఉంటుంది. రోడ్డు పక్కన ఆ బోర్డు కూడా అంతే. ఊరు తన కొంగు చివర వేసుకున్న ముడి. అక్కడ ఏమీ ఉండక్కర్లేదు. నిజానికి ఏమీ మిగలనిచోటే ముడి అవసరం. ఎదురుగా కనిపిస్తున్నదాన్ని గుర్తుపెట్టుకోవడానికి కొంగు ముడేసుకుంటామా?

నేను నిలబడిన చోటి పేరు యురేకా. ఆర్కిమెడిస్ నీళ్ళ తొట్టిలోంచి లేచి అరిచిన మాటే, దొరికిందీ అని. సిల్వర్టన్ నుంచి సుమారు 8 మైళ్ళు. ఒకప్పుడు అక్కడ ఇళ్ళూ, కొట్లూ, జైలూ అన్నీ ఉండేవి. 1896లో అక్కడికీ రైలొచ్చింది. చంటిగాడు చూసిన మెట్లు సన్నీసైడ్ అనే గని తాలూకు మిల్లు పునాదులు. మనుషులు ఎక్కే మెట్లు కావురా చంటీ, రాయి దిగే మెట్లు. పైనున్న గని నుంచి తీగల మీద వేలాడే తొట్లలో రాయి వచ్చి పై మెట్టులో పడేది. అక్కడ పగిలి, కింది మెట్టులో నలిగి, ఇంకా కిందికొచ్చి పొడై, నీళ్ళలో కలిసి, అట్టడుగుకి వచ్చేసరికి రాయి వేరు, లోహం వేరు. బంగారం, వెండి, సీసం, జింకు. దించే పనంతా భూమే చేసిపెట్టేది, అందుకే మిల్లుని కొండవాలులో కట్టారు. 1930ల చివర మిల్లు మూతపడింది. పని పోయాక జనం ఎందుకుంటారు? 1942లో పట్టాలు పీకేశారు. యుద్ధకాలం కదా, ఇంజన్లని సైన్యం కొని అలాస్కా పంపించింది. ఊరు ఊరంతా లేచిపోయింది. మెట్లూ, బోర్డూ మిగిలాయి.

నేను వెళ్ళింది సెప్టెంబరు చివర. మిల్లు మెట్ల పగుళ్ళలోంచి సన్నని చెట్లు మొలిచి ఉన్నాయి. ఆస్పెన్ అంటారు. ఆకులు పసుపు రంగుకి తిరిగి, చిన్న గాలికే రావి ఆకుల్లా గలగలమంటున్నాయి. వందలమంది పనిచేసిన చోట ఇప్పుడు ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మావయ్య వచ్చి, "చలేస్తుంది, రండి" అనేదాకా లేవలేదు.

ఆ సన్నీసైడ్ గని గురించే ఇంకొకటి చెప్పాలి. గని పైన లేక్ ఎమ్మా అనే చెరువు ఉండేది. కింద బంగారం కోసం తవ్వుకుంటూ తవ్వుకుంటూ చెరువు అడుగుకి బాగా దగ్గరగా వెళ్ళిపోయారు. 1978 జూన్ 4న చెరువు అడుగు ఊడి గనిలోకి దిగిపోయింది. నీళ్ళూ బురదా సొరంగాలన్నీ నింపుకుంటూ కొన్ని మైళ్ళ దూరాన కింద బయటపడ్డాయి. మామూలు రోజు అయితే లోపల వందమందికి పైగా ఉండేవాళ్ళు. ఆ రోజు ఆదివారం. ఒక్కడూ లేడు. సిల్వర్టన్ ఊరి పైన కొండ మీద ఊరివాళ్ళు 1959లో కట్టుకున్న క్రీస్తు విగ్రహం ఉంది. ఆయనే కాపాడాడని ఇప్పటికీ నమ్ముతారు. అది విని మావయ్య లెక్కలు చెప్పబోయాడు, ఏడింట్లో ఒక రోజు అని. నేను వద్దన్నాను. సోమవారం పొద్దున తన భర్త క్షేమంగా ఇంట్లోనే ఉన్నాడని చూసుకున్న ఇల్లాలి దగ్గర లెక్కలు చెప్పకూడదు.

ముడిలో అన్నీ పట్టవు, పిల్లలూ. మామ్మ కొంగులో నాలుగు బిళ్ళలు పట్టేవి, బియ్యం బస్తా పట్టదు కదా. బోర్డు మీద పది పదిహేను వాక్యాలు పడతాయి. ఏది రాయాలో, ఏది వదిలేయాలో ముడి వేసేవాళ్ళు ఎంచుకుంటారు. ఫలానా ఏడు ఫలానావాళ్ళు వచ్చి వెండి కనిపెట్టారు అని రాసి ఉంటే, దాన్ని చదివి ఊరుకోకండి. అంతకుముందు ఎవరున్నారు అని అడగండి. ఆ కొండల్లో ఎండాకాలం వేటాడుకుంటూ తిరిగినవాళ్ళు యూట్ తెగ ప్రజలు. 1873లో బ్రూనో ఒప్పందం అని ఒకటి రాయించి ఆ కొండలు వాళ్ళ చేతుల్లోంచి తీసుకున్నారు. మరుసటి ఏడే ఊరు లేచింది. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి మీకే తెలుస్తుంది.

కొన్ని సంగతులు బోర్డు మీద కాదు, నదిలో రాసి ఉంటాయి. పాత గనుల్లో రాతికి నీరూ గాలీ తగిలితే ఆ నీరు పులుపెక్కుతుంది. ఇనప మూకుట్లో చింతపండు పులుసు రాత్రంతా ఉంచేస్తే ఏమవుతుందో మీ నాయనమ్మని అడగండి, అలాంటిదే. 2015 ఆగస్టు 5న గోల్డ్ కింగ్ అనే మూతపడిన గని దగ్గర ప్రభుత్వ సిబ్బంది పరిశీలన కోసం తవ్వుతుంటే, లోపల నిలిచిన నీళ్ళు కోటి లీటర్లకి పైగా ఒక్కసారి బయటికొచ్చాయి. అనిమాస్ నది బిందెడు పసుపు కలిపినట్టు రంగు మారి కొన్నాళ్ళు అలాగే పారింది. తవ్వినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఫలితం నూరేళ్ళ తర్వాత కింద ఊళ్ళలో నీళ్ళు తాగేవాళ్ళకి వచ్చింది. మనం కూడా ఏదైనా తవ్వి, వాడుకుని వెళ్ళిపోయేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కాదు, రెడ్ మౌంటెన్ కనుమ మీదుగా రోడ్డున వచ్చాం. ఒకవైపు కొండ, ఇంకోవైపు గోడైనా లేని లోయ. మీ అత్త కళ్ళు మూసుకుని కూర్చుంది, అంత టెన్షన్. ఆ దారిలో ఒక రాయి ఉంది. వెండి గురించి కాదు, రాజుల గురించీ కాదు. చలికాలంలో ఆ రోడ్డు మీద మంచు తోసే బండి నడిపే డ్రైవర్ల గురించి. అదేచోట కొండ మీద నుంచి మంచు విరిగిపడి 1970లో ఒకరు, 1978లో ఒకరు, 1992లో ఒకరు చనిపోయారు. వాళ్ళ పేర్లు ఆ రాతి మీద ఉన్నాయి. నేను కారు ఆపించి, దిగి, చదివి, చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాను. నేను చూసిన గుర్తులన్నిటిలో నాకు నచ్చింది అదే. ఇతరుల కోసం దారి తెరిచేవాడి పేరు దారి పక్కనే ఉండాలి.

ఇక మన చిన్న బండి సంగతి. 2004లో దాన్ని ఆపేశారు. తర్వాత అదే దారిలో పెద్ద లైను వేశారు. మంచిదే, జనం తొందరగా వెళ్తున్నారు. కానీ నేనూ మామ్మా బండెక్కిన చోట చిన్న రాయైనా లేదు. అక్కడ ఇంజను ఆగి నీళ్ళు పట్టుకునేది. డ్రైవరు దిగి చింతచెట్టు కింద చుట్ట కాల్చుకునేవాడు. మేం ఇంజను కింద కారే వేడినీళ్ళలో కాళ్ళు తడుపుకునేవాళ్ళం. ఇది తెలిసినవాళ్ళు మా ఊళ్ళో ఇంకా నలుగురైదుగురు ఉంటారేమో.

దసరా సెలవులకి ఊరు వెళ్తారు కదా. నాన్నని అడిగి ఒక పూట లైను దగ్గరికి వెళ్ళండి. పట్టాల మీదకి మాత్రం వెళ్ళొద్దు, పక్కనే నడవండి. టీ కొట్టు దగ్గర బాగా పెద్దవాళ్ళు ఎవరైనా కూర్చుని ఉంటే, "తాతా, చిన్న బండి నీళ్ళు పట్టుకునేది ఎక్కడ?" అని అడగండి. చెయ్యి ఎటు చూపిస్తారో అటు వెళ్ళండి. చెప్పిన మాటలు బుజ్జమ్మ నోటుబుక్కులో రాసుకోవాలి, ఎవరు చెప్పారో వాళ్ళ పేరుతో సహా. చంటిగాడికి కళ్ళు బాగా కనిపిస్తాయి కాబట్టి గడ్డిలో పాత ఇటుకలు, రాళ్ళు వాడు వెతకాలి.

చింతచెట్టు ఇంకా ఉంటే ఇద్దరూ దాని కింద నిలబడి ఒక ఫోటో దిగి నాకు పంపండి. వెనకాల ఏమీ కనిపించకపోయినా ఫరవాలేదు.

మీ తాత