నైట్రోజన్ క్యాన్‌లో మనిషి

మా ఊళ్లో గేదె ఎదకొచ్చిందంటే, పశువులకి కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకి ఫోన్ వెళ్తుంది. బండి వెనక కట్టుకొచ్చిన అల్యూమినియం క్యాన్ మూత తీయగానే తెల్లటి పొగ పైకి లేవకుండా అంచులు దాటి కిందికి జారుతుంది. "దూరం జరగండ్రా, చెయ్యి పెడితే తోలూడిపోద్ది" అని పిల్లల్ని అదిలించి, పట్టకారుతో సన్నటి ప్లాస్టిక్ స్ట్రా ఒకటి బయటికి తీస్తాడు. అందులో ఉండేది పావు మిల్లీలీటరు. 37 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో దాన్ని అర నిమిషం ముంచుతాడు. ఎప్పుడో ఎక్కడో సేకరించిన ముర్రా దున్న వీర్యకణాలు మళ్లీ ఈదడం మొదలుపెడతాయి. క్యాన్‌లో ఉన్నది ద్రవ నైట్రోజన్, మైనస్ 196 డిగ్రీలు.

అమెరికాలోని ఆరిజోనాలో సరిగ్గా అదే చలిలో జేమ్స్ బెడ్‌ఫర్డ్ ఉన్నాడు. సైకాలజీ ప్రొఫెసర్. 73 ఏళ్ల వయసులో, 1967 జనవరి 12న క్యాన్సర్‌తో చనిపోయాడు. వైద్యం బాగా ఎదిగాక ఎవరైనా లేపకపోతారా అన్న ఆశతో ఆయన శరీరాన్ని గడ్డకట్టించారు. క్రయోనిక్స్ అనే పద్ధతిలో దాచిన మొదటి మనిషి ఆయనే. ఇన్నేళ్లయినా ఆయన్ని గానీ, ఆయన తర్వాత చేరినవాళ్లను గానీ లేపే ప్రయత్నం ఎవరూ చేయలేదు. ఎలా లేపాలో తెలిస్తే కదా!

స్ట్రాలోది లేచి, ప్రొఫెసర్ గారు ఎందుకు లేవరు? అసలు తేడా సైజులో ఉంది. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోయిన టమాటాని బయట పెట్టి చూడండి. చూపుకి బాగానే ఉంటుంది, చేత్తో పట్టుకుంటే నీళ్లు కారి చప్పబడిపోతుంది. కణాల చుట్టూ మంచు స్ఫటికాలు పెరిగి గోడల్ని చీల్చేస్తాయి. బయట నీరు గడ్డకడుతున్నకొద్దీ మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడి, అది కణంలోని నీటిని లాగేస్తుంది. అందుకే కణాల్లోకి గ్లిజరాల్ లాంటి రక్షక ద్రవాన్ని ఎక్కిస్తారు. మోతాదు పెంచి చకచకా చల్లబరిస్తే నీరు మంచుగా మారకుండా గాజులా బిగుసుకుంటుంది. సంతాన సాఫల్య కేంద్రాల్లో పిండాల్ని ఇప్పుడు ఇలాగే దాస్తున్నారు. 1978లోనే కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ ఒక పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి, దాన్నుంచి ఆడపిల్లను పుట్టించారు. అప్పట్లో ఆయన మాట ఎవరూ నమ్మలేదు, అది వేరే విషాదం.

పిండం ఆవగింజ కంటే చిన్నది. దానికి చలి అయినా వేడి అయినా క్షణాల్లో లోపలిదాకా అందుతుంది. మూత్రపిండం అంత ఉంటే పైభాగం కరిగేసరికి లోపల ఇంకా గడ్డే, ఆ ఒత్తిడికి గాజు పగిలినట్టు పగుళ్లిస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంవాళ్లు దీనికో ఉపాయం పట్టారు. ఎలుక మూత్రపిండం రక్తనాళాల్లోకి ఇనుప ఆక్సైడ్ నానో రేణువులు ఎక్కించి గాజుగా మార్చారు. తర్వాత అయస్కాంత క్షేత్రంతో ఆ రేణువుల్ని వేడెక్కించి, అవయవం మొత్తాన్ని ఒకేసారి వెచ్చబరిచారు. 100 రోజుల దాకా దాచిన మూత్రపిండాలు వేరే ఎలుకల్లో మళ్లీ పనిచేశాయని 2023లో ప్రకటించారు. నా లెక్కలో అవయవ మార్పిడికి ఇది బంగారం లాంటి వార్త. క్రయోనిక్స్‌కి మాత్రం ఎలుక మూత్రపిండం నుంచి మనిషి మెదడు దాకా ఉన్న దూరమెంతో చూపించే కొలబద్ద.

ఇంకో సంగతి గోపాలమిత్రకి బాగా తెలుసు. నైట్రోజన్ రోజూ కాస్త కాస్త ఆవిరైపోతూ ఉంటుంది. టైముకి నింపకపోతే క్యాన్‌లోని స్ట్రాలన్నీ దండగే. లాస్ ఏంజెలెస్ దగ్గర చాట్స్‌వర్త్ శ్మశానంలో ఒక క్రయోనిక్స్ సంఘం శరీరాల్ని దాచింది. డబ్బులు అయిపోయాయి, నింపేవాళ్లు లేరు. 1979లో విషయం బయటపడేసరికి తొమ్మిది శరీరాలు కుళ్లిపోయి ఉన్నాయి.

అంగారకుడి దాకా వెళ్లాలనుకునేవాళ్లు ఈ క్యాన్ జోలికి పోవడం లేదు. వాళ్ల చూపంతా ఎలుగుబంటి మీద. అలాస్కా నల్ల ఎలుగు సుప్తావస్థ అనే చలికాలపు మత్తులో ఐదు నుంచి ఏడు నెలలు తిండి, నీళ్లు, మలమూత్రాలు ఏమీ లేకుండా గడిపేస్తుంది. శరీర ఉష్ణోగ్రత కొద్ది డిగ్రీలే తగ్గుతుంది గానీ, ఒంట్లో శక్తి ఖర్చు నాలుగో వంతుకి పడిపోతుంది. కండలు కూడా పెద్దగా కరగవు. అంగారకుడికి ఒక వైపు ప్రయాణమే ఆరు నుంచి తొమ్మిది నెలలు. ఇరుకు గదిలో నలుగురైదుగురు మేలుకుని ఉంటే తిండి బరువు ఒకటి, ఒకరి మొహాలొకరు చూసుకునే టెన్షన్ ఒకటి. అందుకే స్పేస్‌వర్క్స్ అనే సంస్థ వ్యోమగాముల్ని 32-34 డిగ్రీలకు చల్లబరిచి పడుకోబెట్టే ఆలోచన చేస్తే, నాసా 2013లో ఆ అధ్యయనానికి నిధులిచ్చింది. మన స్త్రీల పాటల్లో దూరం వెళ్లిన లక్ష్మణుడు పద్నాలుగేళ్లు మేలుకుంటే, ఇంట్లో ఉన్న ఊర్మిళ ఆ నిద్రంతా పోతుంది. వీళ్లది తిరగేసిన లెక్క.

చల్లబడటాన్ని మనిషి ఒళ్లు అంత సులువుగా ఒప్పుకోదు. వణుకుతుంది, గుండె లయ తప్పుతుంది. 1999లో నార్వేలో మంచు కింద వాగులో చిక్కుకున్న అన్నా బోగెన్‌హోల్మ్ అనే డాక్టర్ ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయింది, గుండె ఆగింది, అయినా బతికింది. అది ఆసుపత్రి చేసిన అద్భుతం, సుప్తావస్థ కాదు. సుప్తావస్థలో ఒళ్లు తనంతట తానే ఖర్చు తగ్గించుకుంటుంది. దానికి మీట మెదడులో ఉన్నట్టుంది. 2020లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయంవాళ్లు ఎలుకల మెదడులో హైపోథాలమస్ అనే భాగంలోని కొన్ని నాడీకణాల్ని ప్రేరేపిస్తే, సుప్తావస్థ ఎరగని ఆ జీవులు రోజు దాటి అలాంటి స్థితిలో ఉండిపోయాయి. మడగాస్కర్‌లో ఒక జాతి లెమూర్ ఏడు నెలల దాకా ఇలాగే గడుపుతుంది. అది కోతులకీ మనకీ చుట్టమే కాబట్టి ఆ మీట మనలోనూ ఉందేమోనని ఆశ. ఆయుష్షు సంగతికొస్తే, సైబీరియాలో ఏడు గ్రాముల గబ్బిలం ఒకటి 41 ఏళ్లు బతికింది. అందులో చలికాలాలన్నీ సుప్తావస్థలోనే.

ఇందులో మొనగాడు ఆర్కిటిక్ నేల ఉడుత. బొరియలో దాని ఒళ్లు మైనస్ 2.9 డిగ్రీల దాకా దిగినా రక్తం గడ్డకట్టదు. కానీ అది కూడా ఏడెనిమిది నెలలు ఏకబిగిన ఉండలేదు. రెండు మూడు వారాలకోసారి ఒళ్లంతా రాజేసుకుని 37 డిగ్రీలకు వస్తుంది. ఆ కాలమంతా ఖర్చయ్యే కొవ్వులో ఎక్కువ భాగం ఈ మేలుకొలుపులకే పోతుంది. ఎందుకింత దుబారా? అంత చలిలో మెదడుకి నిద్ర పట్టదు, నిద్ర బాకీ పేరుకుపోతుంది అని ఒక వివరణ. ఎందుకంటే వారాల తరబడి కదలకుండా పడుకున్న ఆ ఉడుత, ఒళ్లు వెచ్చబడ్డాక తిండికోసం బయటికి పరుగెత్తదు. ముడుచుకుని నిద్రపోతుంది.