పొడి కొట్టే ముందు నీళ్లు ఏం చెబుతాయి?

మా గేటుకు పౌడర్ కోటింగ్ వేయించి రెండు వానాకాలాలు గడిచాయో లేదో, వెల్డింగ్ అతుకుల దగ్గర రంగు పెచ్చులు లేచింది. ఒక పెచ్చు గోటితో ఊడదీసి తిప్పి చూశాను. పైన రంగు కొత్తదానిలా నిగనిగలాడుతోంది. అడుగున ఎర్రటి తుప్పు. రంగులో లోపమేమీ లేదు, దానికి పట్టు దొరకలేదంతే.

పౌడర్ కోటింగ్‌లో రంగును పొడిగానే గన్‌తో కొడతారు. గన్‌లోంచి వచ్చే ఆ పొడికి విద్యుదావేశం ఉంటుంది. ఎర్తింగ్ ఇచ్చిన ఇనుముకు అది అంటుకుంటుంది. ఓవెన్‌లో సుమారు 180–200 డిగ్రీల దగ్గర కరిగి, పరుచుకుని, గట్టిపడుతుంది. మామూలు పెయింటులో థిన్నర్ ఉంటుంది కాబట్టి కాస్త జిడ్డునైనా కరిగించుకోగలదు. పొడిలో ద్రావకమే లేదు. కింద ఏముంటే దాని మీదే గడ్డకడుతుంది.

మరి కింద ఏముంటుంది? తుప్పు పట్టకుండా మిల్లులో పూసిన నూనె, మోసినవాళ్ల చేతి చెమటలోని ఉప్పు, వేడిగా సాగదీసిన ఇనుముపై నల్లటి ఆక్సైడ్ పొర. వీటిని వదిలించడానికే మన దగ్గర ‘సెవెన్ ట్యాంక్’ పద్ధతి వాడుకలో ఉంది. ముందు క్షారంతో జిడ్డు తీస్తారు, తర్వాత ఆసిడ్‌తో తుప్పు, ఆపైన ఫాస్ఫేటింగ్, అంటే ఇనుము మీద పల్చటి ఫాస్ఫేట్ పొర ఎక్కించడం. మధ్యమధ్యలో నీళ్లలో కడుగుడు. ఈ వరస మారకూడదు. జిడ్డు ఉండగానే ఆసిడ్‌లో ముంచితే, ఆ జిడ్డు కింది తుప్పు ఆసిడ్‌కు అందదు.

నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఫాస్ఫేటింగ్. ఇంగ్లండులో థామస్ కాస్లెట్ 1906లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఫాస్ఫేటింగ్ ట్యాంకు ద్రావణంలోని ఆమ్లం ఇనుమును రవ్వంత కొరుకుతుంది. కొరికినచోట ఆమ్లమే ఖర్చయిపోయి, అక్కడికక్కడే పులుపు తగ్గుతుంది. పులుపు తగ్గిన నీళ్లలో జింక్ ఫాస్ఫేట్ కరిగి ఉండలేదు. అందుకని సన్నటి స్ఫటికాలుగా మారి ఇనుమునే పట్టుకుంటుంది. కంటికి బూడిదరంగు మసకే కనిపిస్తుంది కానీ, కరిగిన పొడి ఆ స్ఫటికాల సందుల్లోకి దిగి పట్టు సాధిస్తుంది. తర్వాతెప్పుడైనా గీత పడినా, తుప్పు రంగు కింద త్వరగా పాకదు.

ఆక్సిజన్‌తో లేజర్ కటింగ్ చేసిన అంచుల దగ్గర మాత్రం ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఆ అంచు మీద పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. రంగు దాన్ని గట్టిగానే పట్టుకుంటుంది, ఆ పొర ఇనుమును వదిలేస్తుంది. గ్రైండింగో ఆసిడో తప్పదు.

గేటును మళ్లీ కోటింగ్‌కు ఇచ్చినప్పుడు వేరే షాపులో దగ్గరే నిలబడ్డాను. జిడ్డు తీసి కడిగాక పనివాడు మగ్గుతో నీళ్లు పోశాడు. పలక అంతా నీళ్లు దుప్పటిలా పరుచుకున్నాయి, ఒక్క అతుకు దగ్గర తప్ప. అక్కడ తామరాకు మీద బొట్టులా విడివిడిగా నిలిచాయి. అంటే నూనె ఇంకా ఉందన్నమాట. అతను వేలితో ఆ చోటు చూపించి, గేటును తిరిగి మొదటి ట్యాంకులోకి దించాడు.