‘ఆమె తిట్టింది వాళ్ళ మతాన్ని కదా?’: తస్లీమా నస్రీన్‌పై అపోహలు, వాస్తవాలు

మా గ్రంథాలయంలో అనువాదాల బీరువా నా టేబుల్ పక్కనే ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే కూర్చుంటున్నాను, ఎవరు ఏ పుస్తకం ఎలా అడుగుతారో తెలుసు. బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ నవల ‘లజ్జ’ను రెండు రకాలుగా అడుగుతారు. కొందరు నలుగురికీ వినపడేలా, “ముస్లింల బండారం బయటపెట్టిన పుస్తకం ఉందట, ఇవ్వండమ్మా” అంటారు. కొందరు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, “మేడమ్, అది చదివితే కేసవుతుందా?” అంటారు. కిందటి వారం ఇద్దరూ ఒకే పూట వచ్చారు.

అపోహ: ‘లజ్జ’ ఒక మతం మీద ఇంకో మతం తరఫున రాసిన పుస్తకం.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే, అందుకని దీని గురించే ఎక్కువ చెప్తాను. 1992 డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చాక బంగ్లాదేశ్‌లో హిందువుల ఇళ్ళ మీద, గుళ్ళ మీద దాడులు జరిగాయి. ముస్లిం కుటుంబంలో పుట్టిన తస్లీమా, తన దేశం తన మనుషులకే ఇలా చేసిందే అన్న సిగ్గుతో రాసిన నవల ఇది. సుధామయ్ దత్తా అనే హిందువు ఇంటి కథ. కూతురు మాయను దుండగులు ఎత్తుకుపోతారు. వాట్సాప్‌లో తిరిగే కథ ఇక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఏమైంది? మాయ అన్న సురంజన్ ఆ కసి ఎవరి మీద తీర్చుకున్నాడు? షమీమా అనే ముస్లిం అమ్మాయి మీద. ఒళ్ళమ్ముకుని పొట్ట పోసుకునే పిల్ల. దాడులతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. ఆమెను ఇంటికి తెచ్చి, పగతో చెరుస్తాడు. మగవాళ్ళు మతం పేరుతో కొట్టుకుంటే రెండు వైపులా ఆడదాని ఒంటి మీదే లెక్క తేలుస్తారని రచయిత్రి అంత స్పష్టంగా రాశాక, ఇది ఎవరి పక్షాన రాసిన పుస్తకం?

మా కాపీకి ఇప్పటికి రెండుసార్లు బైండింగ్ చేయించాను. మొదటి సగం పేజీల అంచులు నల్లబడ్డాయి, కాగితం మెత్తబడిపోయింది. చివరి పేజీలు మాత్రం కొత్త నోటుపుస్తకంలా పెళపెళలాడుతున్నాయి. షమీమా ఉండేది అక్కడే.

ఆమె వ్యాసాలు చదివితే ఇంకా తేటగా తెలుస్తుంది. బంగ్లాదేశ్‌లో ఆస్తి, పెళ్ళి, విడాకులు మత చట్టాల ప్రకారమే నడుస్తాయి. ముస్లిం కూతురికి కొడుకు వాటాలో సగం. హిందూ కూతురికి అన్నదమ్ములుంటే తండ్రి ఆస్తిలో ఏమీ రాదు. హిందూ భార్యకు విడాకుల హక్కే లేదు. అందుకే ఏ మతంలో పుట్టిన ఆడపిల్లకైనా ఒకే చట్టం ఉండాలని ఆమె మొదటినుంచీ అడుగుతోంది. బెంగాలీ హిందూ ఇళ్ళలో పెళ్ళయిన ఆడవాళ్ళకే సిందూరం, శంఖు గాజులు ఎందుకు, మగవాడికి ఏ గుర్తూ ఎందుకు లేదని కూడా అడిగింది. ఆ మాట మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మన ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కూతుళ్ళకు పిత్రార్జిత ఆస్తిలో సమాన వాటా 1985లో వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. మా అమ్మకు అంతకుముందే పెళ్ళయింది. తాతయ్య పోయాక పసుపు కుంకుమల కింద రెండు చీరలు పెట్టి, పొలం కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఆ చీరల్లో ఒకదాన్ని అమ్మ ఎప్పుడూ కట్టుకోలేదు. తస్లీమాను మొదటిసారి చదివినప్పుడు నాకు ఢాకా కాదు, ఆ చీర గుర్తొచ్చింది.

అపోహ: చదివితే కేసు.

కాదు. టెన్షన్ పడకండి. ‘లజ్జ’ను 1993లో నిషేధించింది బంగ్లాదేశ్. మన దేశంలో నిషేధం లేదు. ఆమె ఆత్మకథలో మూడో భాగం ‘ద్విఖండిత’ను 2003లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నిషేధిస్తే, 2005లో కలకత్తా హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది.

అపోహ: ‘లజ్జ’ రాసినందుకే దేశం వదిలింది.

నవల మీద కోపం ముందునుంచీ ఉంది. అరెస్టు వారెంటు మాత్రం 1994లో ఒక ఇంటర్వ్యూ మీద వచ్చింది. ఖురాన్‌ను సవరించాలన్నట్టు పత్రికలో పడింది, తాను అన్నది షరియా, అంటే ఇస్లామిక్ చట్టం గురించని ఆమె చెప్పింది. ఎవరూ వినలేదు. రెండు నెలలు దాక్కుని, ఆగస్టులో స్వీడన్ వెళ్ళింది. ఇప్పటికీ ఆమె స్వీడన్ పౌరురాలే.

అపోహ: పేరు కోసం రాసింది.

ఆమె డాక్టర్. మైమెన్‌సింగ్‌లో చదివి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసింది. ఆడపిల్ల పుట్టిందనగానే కాన్పు గదిలో తల్లులు గొల్లుమనడం, చెరచబడిన చిన్నపిల్లలు పరీక్షకు రావడం కళ్ళారా చూసింది. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో ఆమె మీద దాడి జరిగింది. ఆరోజు విడుదలైన ఆమె నవల ‘శోధ్’ తెలుగు అనువాదంలో గొడవ మతం గురించి కాదు. పెళ్ళయిన కొత్తలోనే కడుపొస్తే, ఆ బిడ్డ తనది కాదని భార్యకు కడుపు తీయించిన ఒక అనుమానపు మొగుడి కథ అది.

గొంతు తగ్గించి అడిగిన అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, ముస్లిం. కేసు సంగతి చెప్పాక కూడా కదల్లేదు. “చదివితే మతం వదిలేసినట్టా మేడమ్?” అంది. తస్లీమా నాస్తికురాలు, ఆ సంగతి ఎప్పుడూ దాచలేదు, నేనూ దాచలేదు. “ఆమె నమ్మకం ఆమెది, నీ నమ్మకం నీదమ్మా. నమాజ్ చేసుకుంటూ కూడా చదవొచ్చు. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో నాకొచ్చి చెప్పు” అన్నాను. పేపర్‌తో అట్ట వేసి ఇమ్మంది. వేసి ఇచ్చాను.

నిన్న ఫోన్ చేసి గడువు పెంచమంది. ఇంకా చివరి పేజీలు మిగిలాయట.