కరెంటు కంపెనీలు, క్లైమేట్ చట్టాలు, లాబీయింగ్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 2019 జులైలో గవర్నర్ మైక్ డివైన్ ఒక చట్టంపై సంతకం పెట్టారు. పేరు హౌస్ బిల్ 6, కొన్ని విద్యుత్ కేంద్రాలకు వినియోగదారుల డబ్బుతో సాయం చేసే చట్టం. కొలంబస్, సిన్సినాటి, క్లీవ్‌లాండ్ వైపు ఉండే మనవాళ్లు దాని తాలూకు డబ్బు ఏళ్ల తరబడి కరెంటు బిల్లులో కట్టారు, చాలామందికి ఆ సంగతి తెలియకుండానే. దీని కోసం ఫస్ట్‌ఎనర్జీ అనే కరెంటు కంపెనీ వైపు నుంచి ఖర్చయింది సుమారు 6 కోట్ల డాలర్లు. వ్యవహారం లంచాల కింద క్రిమినల్ కేసుగా మారడంతో మామూలుగా బయటికి రాని కాగితాలు బయటపడ్డాయి. కాబట్టి జనంలో ఉన్న అపోహల్ని ఈ కేసుతో పోల్చి చూద్దాం.

అపోహ: కరెంటు కంపెనీలు క్లైమేట్ చట్టాలన్నిటికీ అడ్డుపడతాయి.

వాస్తవం: అడ్డుపడటం కంటే లోపల కూర్చుని బేరమాడటమే ఎక్కువ. 2009లో కర్బన ఉద్గారాలకు పరిమితి పెట్టేందుకు అమెరికా పార్లమెంటులో వచ్చిన వ్యాక్స్‌మన్-మార్కీ బిల్లుకు కరెంటు కంపెనీల సంఘం ఎడిసన్ ఎలక్ట్రిక్ ఇన్‌స్టిట్యూట్ మద్దతిచ్చింది. ఊరికే ఇవ్వలేదు. కర్బన ఉద్గారాల పర్మిట్లలో సుమారు 35 శాతం కరెంటు రంగానికి ఉచితంగా దక్కేలా రాయించుకుంది. బిల్లు దిగువ సభలో 219-212 ఓట్లతో గట్టెక్కి, సెనేట్‌లో ఓటింగు దాకా కూడా రాలేదు.

హౌస్ బిల్ 6 కూడా సభలోకి వచ్చింది ‘ఒహాయో క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్’ అనే పేరుతోనే. డేవిస్-బెస్సీ, పెర్రీ అణు కేంద్రాలకు ఏటా 15 కోట్ల డాలర్లు, సోలార్‌కు 2 కోట్లు. ఇంటి కనెక్షన్‌కు నెలకు 85 సెంట్లు, పెద్ద ఫ్యాక్టరీకైతే 2,400 డాలర్ల వరకు. రాష్ట్రంలో కర్బనం లేని కరెంటులో సింహభాగం ఆ రెండు అణు కేంద్రాల నుంచే వచ్చేది, అది నిజమే. ఆ వాదనలో పస ఉంది. అయితే అదే చట్టంలో ఇంకొన్ని పేజీలు తిప్పితే 1955 నాటి రెండు బొగ్గు ప్లాంట్లకు కూడా వినియోగదారుల జేబులోంచే సాయం: ఒకటి ఒహాయోలోని కైగర్ క్రీక్, రెండోది పక్క రాష్ట్రం ఇండియానాలో ఉన్న క్లిఫ్టీ క్రీక్. పునరుత్పాదక విద్యుత్ లక్ష్యం 12.5 శాతం నుంచి 8.5కి తగ్గింది. కరెంటు పొదుపు పథకాల్ని తప్పనిసరిగా నడపాలన్న నిబంధన పోయింది.

బొగ్గు సాయం ఎందుకు కలిపారో చూడండి. ఆ పాత ప్లాంట్లలో ఏఈపీ, డ్యూక్, డేటన్ పవర్ అండ్ లైట్ లాంటి కంపెనీలకు వాటాలున్నాయి. అణు సబ్సిడీ ఒక్కటే అయితే అది ఫస్ట్‌ఎనర్జీ ఒక్కదాని బిల్లు. బొగ్గు కూడా చేరాక మిగతా కంపెనీలకూ పళ్లెంలో వడ్డించినట్టయింది. క్లైమేట్ బిల్లు చదివేటప్పుడు పేరు, ఉపోద్ఘాతం వదిలేసి నేరుగా ‘రైడర్’ అనే మాట ఎక్కడుందో వెతకండి. బిల్లులో విడిగా కలిపే ఛార్జీకి అక్కడి మాట అది.

అపోహ: నెట్ జీరో (ఉద్గారాల్ని నికరంగా సున్నాకు తెస్తామనే లక్ష్యం) ప్రకటించిన కంపెనీ కోర్టులో క్లైమేట్ నిబంధనల మీద కొట్లాడదు.

వాస్తవం: తన పేరు మీద కొట్లాడకపోవచ్చు. యుటిలిటీ ఎయిర్ రెగ్యులేటరీ గ్రూప్ అని ఒకటుండేది. సొంత ఆఫీసంటూ పెద్దగా లేదు, ఒక లా ఫర్మ్ నడిపేది. 2017లో దానికి కంపెనీలు, సంఘాలు కలిసి కట్టింది 82 లక్షల డాలర్లు. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ తెచ్చే నిబంధనల మీద దావాలు వేయడమే దాని పని. ఎవరెంత కట్టారో బయటపడ్డాక 2019లో మూతపడింది. కంపెనీ వైఖరి తెలియాలంటే సస్టైనబిలిటీ రిపోర్టు కంటే అది చందా కట్టే సంఘాల జాబితా ముందు చూడాలి.

అపోహ: లాబీయింగ్ లెక్కలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంటాయి.

వాస్తవం: కొంతే ఉంటాయి. ఫెడరల్ స్థాయిలో మూడు నెలలకోసారి ఎల్‌డీ-2 అనే ఫారం వేస్తారు. అందులో మొత్తం ఖర్చు, బిల్లు నంబరు, ఏ శాఖను కలిశారన్నది ఉంటుంది. ఆ బిల్లుకు అనుకూలమా వ్యతిరేకమా అన్నది మాత్రం ఉండదు! రాష్ట్రాల రిజిస్టర్లు వేరు. దాతల పేర్లు చెప్పనక్కర్లేని 501 సి 4 సంస్థల ద్వారా వెళ్లే డబ్బు ఎందులోనూ కనిపించదు. ఒహాయోలో స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్ చేతిలో ఉన్న ‘జనరేషన్ నౌ’ అలాంటి సంస్థే. హౌస్ బిల్ 6 లంచాల కేసులో ఆయనకు 2023లో 20 ఏళ్ల జైలు శిక్ష పడింది.

అపోహ: ఆ ఖర్చు వాటాదారులది, వినియోగదారులది కాదు.

వాస్తవం: కాగితం మీద అంతే. ఫెడరల్ నియంత్రణ సంస్థ ఫెర్క్ ఖాతాల పద్ధతిలో లాబీయింగ్ ఖర్చు 426.4 అనే పద్దు కింద రాయాలి. ఆ పద్దు టారిఫ్ లెక్కలోకి రాదు. పక్కనే 930.2 ఉంది, ‘ఇతర సాధారణ ఖర్చులు’. ఇది మామూలుగా టారిఫ్‌లో కలుస్తుంది, సంఘాల సభ్యత్వ రుసుములు వచ్చి పడేది ఇందులోనే. సంఘం తన ఇన్‌వాయిస్ మీద ఇంత శాతం లాబీయింగ్ అని రాస్తుంది. పన్ను చట్టం నిర్వచనం ప్రకారం రాసిన శాతం అది. ప్రకటనలు, ‘ప్రజల్లో అవగాహన’ పేరుతో చేసే ప్రచారం చాలావరకు ఆ నిర్వచనంలోకి రాదు. మిగిలినదంతా 930.2లోకి జారుతుంది.

తేల్చుకోవాలంటే కంపెనీ ఏటా వేసే ఫెర్క్ ఫారం 1 తెరిచి, 335వ పేజీలో 930.2 వివరం చూడండి. సంఘాల రుసుము కింద ఉన్న మొత్తాన్ని రేట్ కేసులో (టారిఫ్ పెంచమని నియంత్రణ సంస్థ ముందు వేసే దరఖాస్తు) కంపెనీ అడిగిన మొత్తంతో పోల్చండి. తేడా లేకపోతే ఇన్‌వాయిస్‌లు ఇవ్వమని ఆ కేసు డాకెట్లో (ఫైల్లో) ప్రశ్న వేయాలి. ‘లాబీయింగ్ ఖర్చు ఎంత’ అని అడిగితే ‘సున్నా’ అని జవాబొస్తుంది, అబద్ధమూ కాదు. ‘ఫలానా సంఘానికి కట్టిన ప్రతి ఇన్‌వాయిస్, అది పడిన ఖాతా నంబరు’ అని అడగాలి. ఫస్ట్‌ఎనర్జీ విషయంలో ఫెర్క్ ఆడిట్‌లో తేలింది కూడా ఇదే: లాబీయింగ్ ఖర్చులు తప్పు పద్దుల్లో పడ్డాయి. కొలరాడో, కనెటికట్, మెయిన్ రాష్ట్రాలు 2023లో ఇలాంటి ఖర్చుల్ని టారిఫ్‌లో వేయకూడదని చట్టాలు చేశాయి.

అపోహ: పెద్ద అంకె ఎక్కడుంటే అసలు లాభం అక్కడుంటుంది.

వాస్తవం: హౌస్ బిల్ 6లో పత్రికలన్నీ అణు సబ్సిడీ గురించే రాశాయి. నిశ్శబ్దంగా దూరింది ‘డీకప్లింగ్’ నిబంధన. కరెంటు అమ్మకం తగ్గినా కంపెనీకి 2018 నాటి రాబడి దక్కేలా చూసే ఏర్పాటు. మామూలుగా పొదుపు పథకాలు నడిపే కంపెనీకి నష్టం రాకుండా ఇస్తారు దీన్ని. ఇక్కడ పొదుపు పథకాలు తీసేసి, దీన్ని మాత్రం ఇచ్చారు. దీనివల్ల తమ వ్యాపారంలో మూడో వంతు మాంద్యాన్ని తట్టుకుంటుందని ఫస్ట్‌ఎనర్జీ అధిపతి ఇన్వెస్టర్లకు చెప్పారు.

అపోహ: జనం సంతకాలు సేకరించి ఆపేయొచ్చు.

వాస్తవం: హౌస్ బిల్ 6ను ప్రజల ఓటుకు పెట్టాలంటే 90 రోజుల్లో 2,65,774 సంతకాలు కావాల్సి వచ్చింది. పిటిషన్ సారాంశం ఆమోదానికే 38 రోజులు పోయాయి. ఈలోగా చైనా మీ కరెంటు గ్రిడ్‌లోకి చొరబడుతోందని చట్టాన్ని సమర్థించేవాళ్ల టీవీ ప్రకటనలు! చివరికి వచ్చినవి 2,21,092.

అపోహ: నేరం రుజువైతే చట్టం కూడా పోతుంది.

వాస్తవం: ముక్కలు ముక్కలుగా పోతుంది. 2020 జులైలో అరెస్టులు. నెలకు 85 సెంట్ల వసూలు మొదలయ్యేలోపే కోర్టు ఆపింది. 2021 మార్చిలో అణు సబ్సిడీ, డీకప్లింగ్ రద్దయ్యాయి, అదే ఏడాది జులైలో కంపెనీ 23 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. బొగ్గు ప్లాంట్ల ఛార్జీ మాత్రం 2025 ఆగస్టు దాకా నడిచింది.

అపోహ: మన దగ్గర ఇవేమీ ఉండవు.

వాస్తవం: మన దగ్గర రూపం వేరు, గడువు పొడిగించుకోవడమే ప్రధాన విద్య. బొగ్గు ప్లాంట్ల పొగలో గంధకం తగ్గించే ఎఫ్‌జీడీ యంత్రాల సంగతి చూడండి. అది క్లైమేట్ నిబంధన కాదు, గాలి కాలుష్యానిది. పద్ధతి మాత్రం ఇదే. 2015 డిసెంబరులో నోటిఫికేషన్, రెండేళ్ల గడువు. అది 2022కు జరిగింది, మళ్లీ మళ్లీ జరిగింది. 2025 జులైలో దేశంలోని బొగ్గు విద్యుత్ సామర్థ్యంలో సుమారు 78 శాతానికి మినహాయింపే వచ్చేసింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డిస్కంలు ఏటా నవంబరు నెలాఖరుకల్లా తర్వాతి ఏడాది ఆదాయ అవసరాల నివేదిక విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు ఇవ్వాలి. దాని మీద ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. అభ్యంతరాల్లో ఎక్కువ భాగం యూనిట్ ధర చుట్టూనే తిరుగుతాయి. పరిపాలన, సాధారణ ఖర్చుల పద్దు కింద కన్సల్టెంట్లకు, సంఘాల సభ్యత్వాలకు, ప్రకటనలకు ఎంతెంత అని విడివిడిగా అడిగేవాళ్లు తక్కువ. రాతపూర్వకంగా అడిగితే డిస్కం రాతపూర్వకంగానే జవాబివ్వాలి. ఆ జవాబు టారిఫ్ ఉత్తర్వులో అచ్చవుతుంది.